ఊరవతల అంటూ లేని చోట: మాల్దీవుల మురుగునీరు

(కోస్తా జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో సివిల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మన పల్లెల్లో పెంటపోగు ఎక్కడుంటుందని అడిగితే ఊరవతల అంటాం. చచ్చిన గొడ్డును ఊరవతల పడేస్తాం. వీధి కాలువ ఎక్కడికి పోతుందని అడిగితే ఊరవతల వాగులోకని చెబుతాం. ఆ మాట మనకెంత అలవాటైపోయిందంటే, అవతల కూడా ఎవరిదో ఒక ఊరు ఉంటుందనీ, ఆ వాగు నీళ్లు ఎవరో తాగుతారనీ తోచదు. నేను పనిచేసిన చోట ఆ మాటకు అర్థమే లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే పావుగంటలో ముగిసిపోయే దీవి అది. దాని అవతల సముద్రం, ఆ సముద్రంలోనే వాళ్లు పట్టుకుని తినే చేప. దాని కింద బావినీరు, ఆ నీటిలోనే వాళ్లు స్నానం చేసేది. మాల్దీవుల్లోని అలాంటి చిన్న దీవుల్లో మురుగునీటి పథకాల మీద కొన్నేళ్లు పనిచేసిన వాడిగా, అక్కడ మరుగుదొడ్డి నుంచి బయటపడిన నీటికి ఏమవుతుందో, ఏమవాలో మీకు చెప్పాలని వచ్చాను.

ముందు నేల సంగతి. మాల్దీవులంటే సుమారు 1,190 పగడపు దీవులు. వాటిలో జనం కాపురముండేవి రెండు వందలకు లోపే. అన్నిటి నేలనూ ఒకచోట చేర్చినా 300 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, అంటే గ్రేటర్ హైదరాబాద్‌లో సగం కూడా కాదు. ఆ నేల సముద్రం మీదికి సగటున మీటరున్నర లేస్తుంది. ఈ వేదిక ఎక్కకుండా మీ మధ్య నేల మీద నిలబడినా, నా తల అక్కడి సగటు దీవి కన్నా ఎత్తులోనే ఉంటుంది. కొండ లేదు, నది లేదు, చెరువు లేదు. మట్టి అని మనం పిలిచేది కూడా పెద్దగా లేదు, అంతా పగడం అరిగిపోయి తయారైన తెల్లని ఇసుక. వాన మాత్రం బాగా కురుస్తుంది, రాజధాని మాలేలో ఏడాదికి 1,900 మిల్లీమీటర్లకు పైగానే. మన కోస్తాలో ఎక్కడా అంత పడదు. అయితే జనవరి నుంచి మార్చి వరకు వానలు బాగా తగ్గిపోతాయి.

ఆ వాన ఇసుకలోకి ఇంకి ఎక్కడికి పోతుందన్నది ఈ ప్రసంగానికంతటికీ ఆయువుపట్టు. దీవి కింద అంతటా ఉప్పునీరే ఉంటుంది. వాననీరు దానికన్నా తేలిక కనుక దాని మీద తేలుతుంది. ఉప్పునీరు లీటరుకు దాదాపు 25 గ్రాములు ఎక్కువ బరువు, అంతే తేడా. ఆ కాస్త తేడాతోనే దీవి మధ్యలో లావుగా, అంచులకు పోయేకొద్దీ పలచగా, మూకుడులో కాల్చిన దిబ్బరొట్టె ఆకారంలో ఒక మంచినీటి పొర నిలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివరలో గీబెన్, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హెర్ట్స్‌బెర్గ్ అనే ఇద్దరు విడివిడిగా కట్టిన లెక్క ప్రకారం, మంచినీరు సముద్రమట్టం మీదికి ఒక అడుగు లేచి ఉంటే కిందికి నలభై అడుగులు దిగి ఉండాలి. ఇది పుస్తకంలోని మాట. దీవుల్లో అంత లోతు దొరకదు, ఎందుకంటే పై ఇసుక కింద పది పదిహేను మీటర్లు దిగగానే పాత సున్నపురాయి తగులుతుంది. అది జల్లెడలా చిల్లులు పడిన రాయి. పోటు వచ్చిన ప్రతిసారీ సముద్రం అందులో లోపలికి, బయటికి ఊగుతూ మంచినీటి అడుగును కలిపేస్తుంది. అందుచేత చిన్న దీవుల్లో ఆ పొర కొద్ది మీటర్లకు మించదు. ఒక గొయ్యి తవ్వి కర్ర పాతి చూస్తే, పోటుకూ ఆటుకూ నీటిమట్టం లేస్తూ దిగుతూ ఉండడం కళ్లారా కనిపిస్తుంది. మా బృందంలోకి కొత్తగా వచ్చిన ప్రతి ఇంజినీరుతో మొదటి రోజు ఆ గొయ్యి తవ్వించేవాణ్ణి. కాగితం మీది గీతల కన్నా ఆ కర్రే వారికి ఎక్కువ నేర్పింది.

పాత కాలపు మాల్దీవుల ఇంట్లో గిఫిలి అని ఒక చోటు ఉండేది. ఇంటి వెనక పగడపు రాళ్లతో కట్టిన ప్రహరీ, పైన కప్పు ఉండదు, లోపల ఒక బావి, పక్కన రెండు మూడు అరటి చెట్లు. స్నానం అక్కడే, మిగతా పనీ అక్కడే ఇసుకలో, లేదంటే సముద్రపు ఒడ్డున. నీరు తోడడానికి ధాని అని ఒక సాధనం ఉండేది. పొడవాటి కర్ర చివర ఒక డబ్బా. మన చేదలా తాడుతో లోపలికి జారవిడిచి ముంచేది కాదు, కర్ర పట్టుకుని పైపై నీటిని అలా తీసుకునేది. దీన్ని పేదరికపు పనిముట్టుగా చూసిన వాళ్లను చూశాను. నా దృష్టిలో ఆ దీవుల నీటిని అంతకన్నా బాగా అర్థం చేసుకున్న పనిముట్టు మళ్లీ రాలేదు. మంచినీరు పైన ఉంటుంది, దాన్ని పైనుంచే, కొద్దికొద్దిగా తీసుకోవాలన్న సంగతి ఆ కర్ర పొడవులోనే ఉంది.

కరెంటు వచ్చింది, దానితో బావిలో మోటారు దిగింది. మోటారు ఒకేచోట బలంగా లాగేసరికి అడుగున ఉన్న ఉప్పునీరు శంకువులా పైకి లేచి బావిలోకి వస్తుంది. మోటారుతో పాటు ఇంట్లోకి కుళాయి, కుళాయితో పాటు నీళ్లు పోసి కడిగే మరుగుదొడ్డి, దానితో సెప్టిక్ ట్యాంకు వచ్చాయి. ట్యాంకు అనడమే గానీ చాలా ఇళ్లలో దానికి అడుగు ఉండదు, నాలుగు గోడలు కట్టి కింద ఇసుక వదిలేస్తారు. మన దగ్గర అలాంటి గుంత తవ్వితే ఎర్రమట్టో, నల్లరేగడో కొంత వడకడుతుంది, నీటిమట్టం ఎక్కడో లోతున ఉంటుంది. అక్కడి పగడపు ఇసుకలో బంకమట్టి లేశమైనా లేదు, నీరు మీటరు, మీటరున్నర లోతులోనే ఉంటుంది. అంటే గుంత అడుగు నేరుగా నీటిలోనే ఉంటుంది. బావీ మరుగుదొడ్డీ ఒకే నీటిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాయి.

అక్కడి బడుల్లో తెలుగు ఉపాధ్యాయులు కూడా పనిచేస్తుంటారన్న సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒక దీవిలో శ్రీకాకుళం నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఒకరు నా గొంతులో తెలుగు విని గబగబా వచ్చి పలకరించారు. ఆయన అద్దెకున్న ఇంట్లో స్నానానికి బావినీరే.

"సార్, ఈ నీళ్లకు కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది, తెల్ల చొక్కా రెండు ఉతుకుల్లో పసుపు రంగుకు తిరుగుతోంది. ఉప్పు వల్లనేనా?" అని అడిగారు.

"మాస్టారూ, మీ దొడ్డి ట్యాంకు ఎక్కడుంది?" అన్నాను.

"అదిగో, ఆ బొప్పాయి చెట్టు కింద. ఈ దీవిలో ఆ చెట్టు కాసినట్టు మరో చెట్టు కాయదు సార్" అన్నారు సంతోషంగా.

బావి గట్టు నుంచి ఆ చెట్టుకు నేను అడుగులు వేసి చూశాను, పన్నెండు అడుగులు వచ్చింది. బావినీరు చిన్న గాజు గొట్టంలో పోసి అమ్మోనియా పరీక్ష మందు రెండు చుక్కలు వేస్తే, మాస్టారు చూస్తుండగానే నీరు ముదురు పసుపు రంగుకు మారింది. చెట్టు ఏమి తాగి అంత కాస్తోందో, ఆయన దేనితో స్నానం చేస్తున్నారో ఆ రంగు చెప్పింది. ఆయన ఆ పూట నుంచే వాననీటి ట్యాంకు వైపు మళ్లారు. ఆ ఇంటివారిని తప్పుపట్టలేం. వారికున్న స్థలమే అంత. బావిని ఇంకెక్కడికి జరపగలరు, దొడ్డిని ఇంకెక్కడ కట్టగలరు?

జనం పలచగా ఉన్నంతకాలం ఆ ఇసుక ఎలాగో భరించింది. మాలేలో భరించలేకపోయింది. రెండు చదరపు కిలోమీటర్ల మాలే దీవి మీదికి దేశమంతా చేరుతున్న రోజుల్లో, 1978లో, అక్కడ కలరా పుట్టి దీవుల్లోకి పాకింది. అంతకు ముందు ఏడాది, 1977లో, పసిఫిక్‌లోని తరావాలోనూ ఇదే జరిగింది. అది నేటి కిరిబాతి దేశపు రాజధాని దీవి. అక్కడా పగడపు ఇసుకే, అక్కడా బావులే. రెండు మహాసముద్రాల్లో రెండు చిన్న దేశాలకు ఒకే దెబ్బ తగిలింది. ఇద్దరూ చేసిన పనీ దాదాపు ఒకటే, మురుగును పైపుల్లోకి ఎక్కించి సముద్రంలోకి పంపడం. తరావా వారు మరుగుదొడ్లు కడగడానికి సముద్రపు నీటినే వాడారు. మాలేలో మురుగు పైపుల వ్యవస్థ 1988 నాటికి సిద్ధమైంది. దొడ్లు కడిగింది బావినీటితో. ఆ నీరు ఇళ్ల నుంచి పంపింగ్ స్టేషన్లకు, అక్కడి నుంచి దీవి చుట్టూ ఉన్న గొట్టాల గుండా సముద్రానికి చేరింది. ఏ శుద్ధీ లేకుండానే దశాబ్దాల పాటు అలా చేరింది.

ఆ పైపులు ప్రాణాలు కాపాడాయి. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు, తర్వాత నేను చెప్పబోయేది విని ఎవరూ దీన్ని మరచిపోకూడదు. అయితే అంతకు ముందు ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక సంగతి అప్పుడు బయటపడింది. ఎంత మురికిదైనా సరే, ఇళ్ల గుంతల్లోంచి ఇంకే నీరు దీవి కిందికే తిరిగి చేరేది. తోడిన నీరు తోడిన చోటికే వచ్చేది. పైపులు వేశాక తోడిన ప్రతి బిందెడూ ఒక్కసారి వాడకంతో సముద్రం పాలైంది. దాని పైన వీధులకు రాళ్లు పరిచారు, ఇళ్లు గోడకు గోడ ఆనుకున్నాయి, వాన ఇంకే చోటు తగ్గింది. మాలే కింది మంచినీటి పొర అరిగిపోయింది, మిగిలింది ఉప్పునీరు, మురికినీరు. ఆ నగరం ఇక సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే యంత్రాల మీదే బతకాల్సి వచ్చింది. అలాంటి మొదటి యంత్రం కూడా ఆ 1980ల చివరలోనే వచ్చింది, 1995లో నీటికీ మురుగుకూ కలిపి ఒక కంపెనీ ఏర్పడింది.

దీన్ని ఒక చిన్న లెక్కగా వేసి చూద్దాం, మీరు విద్యార్థులు కనుక. 30 హెక్టార్ల దీవి ఒకటి ఊహించుకోండి. ఏడాదికి 1,900 మిల్లీమీటర్ల వాన, అంటే ఆ నేల మీద పడేది 5,70,000 ఘనపు మీటర్లు. అందులో మూడో వంతు ఇంకిందనుకుందాం, 1,90,000. ఇంకినదంతా మనది కాదు, అంచుల గుండా సముద్రంలోకి ఊరిపోయే ఊటే ఉప్పునీటిని వెనక్కి నెట్టి ఉంచుతుంది. అందులో మూడో వంతుకు మించి తోడకూడదనుకుంటే, వాడుకోదగ్గది సుమారు 63,000. వెయ్యి మంది రోజుకు తలా వంద లీటర్లు వాడితే ఏడాదికి 36,500 ఘనపు మీటర్లు. ఫరవాలేదు. అదే దీవిలో రెండు వేల మంది ఉంటే 73,000, గీత దాటాం. ఇప్పుడు ఆ రెండు వేల మంది వాడిన నీటిలో సగం శుభ్రపడి తిరిగి నేలలోకి వస్తే మళ్లీ గీతకు లోపలే ఉంటాం. ఇవి నేను అనుకున్న అంకెలు, దీవి దీవికీ మారతాయి. మారనిదల్లా ఒకటే. అలాంటి చోట మురుగునీటి పథకం గీసేవాడు, తెలిసినా తెలియకపోయినా, మంచినీటి పథకం కూడా గీస్తున్నాడు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. చాలా దీవుల మీదుగా కెరటం ఈ ఒడ్డున ఎక్కి ఆ ఒడ్డున దిగిపోయింది. బావుల్లో ఉప్పు నిండింది, సెప్టిక్ గుంతలు పగిలి ఆ రెండూ ఏకమయ్యాయి. రా అటోల్ అనే దీవుల వలయంలోని కందోల్‌హుదూ దీవి పూర్తిగా నివాసయోగ్యం కాకుండా పోతే అక్కడి జనానికి ధువాఫారు అనే ఖాళీ దీవిలో కొత్త ఊరు కట్టారు. రెడ్‌క్రాస్ కట్టిన ఆ ఊరు 2008 చివరలో మొదలైంది. అలా కొత్తగా కట్టిన ఊళ్లలో ఇళ్లతో పాటే మురుగు పైపులు వేయగలిగారు. ఆ 2008లోనే అమల్లోకి వచ్చిన మాల్దీవుల రాజ్యాంగం 23వ అధికరణంలో, తిండీ నీరూ ఇల్లూ వైద్యమూ వంటి హక్కుల వరుసలోనే, జనం నివసించే ప్రతి దీవిలోనూ తగిన స్థాయి మురుగు వ్యవస్థ నెలకొల్పడాన్ని కూడా చేర్చింది. మురుగు కాలువ మాట రాజ్యాంగంలోకి ఎక్కడం ఎంత పెద్ద సంగతో ఈ రంగంలో పనిచేసేవారికి తెలుస్తుంది. నేను ఆ వాక్యాన్ని మొదటిసారి చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. 2020లో నీటికీ మురుగుకూ కలిపి ప్రత్యేక చట్టమూ వచ్చింది. రెంటికీ కలిపి ఒకే చట్టం చేయడం నాకు ముఖ్యంగా తోచింది, ఎందుకో ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది.

చట్టం అయ్యాక పైపు వేయాలి కదా. అక్కడి నుంచి మన పని.

మురుగు పైపు వాలులో పారాలి. చదునైన దీవిలో వాలు కావాలంటే లోతుకు పోవాలి, లోతుకు పోతే నీరు. కందకం తవ్వి ఆరగా ఉంచాలంటే రోజుల తరబడి నీరు తోడిపోయాలి. ఆ తోడకంలో కాంట్రాక్టరు జాగ్రత్త తీసుకోకపోతే, ఏ మంచినీటి పొరను కాపాడడానికి పైపు వేస్తున్నామో ఆ పొరనే పైపు వేసే నెలలో ఉప్పుపాలు చేస్తాం. ఒక దీవిలో ఇది నా కళ్ల ముందే జరిగింది. రాత్రింబవళ్లు పంపులు నడిపి తోడిన నీటిని సముద్రంలోకి వదిలారు. వారం తిరిగేసరికి ఆ వీధిలో ఒక ముసలమ్మ బావిలోని నీటిని పుక్కిలించి ఉమ్మి, ఏమీ అనకుండా నా ముఖంలోకి చూసింది. తోడిన నీటిని సముద్రంలోకి కాక పక్క వీధి గుంతల్లోకి మళ్లించి ఇంకించాలని, ఒకేసారి ఇరవై ముప్పై మీటర్లకు మించి కందకం తెరవకూడదని ఆ తర్వాత పట్టుబట్టాం. పని ఆలస్యమైంది, ఖర్చు పెరిగింది. ఆ పట్టుదల ముందే ఉండాల్సింది.

అందుకే అక్కడ లోతు తగ్గించే పద్ధతులు వెతికారు. ఇంటి దగ్గరే గట్టివి తొట్టిలో నిలిపి పైనీటిని మాత్రం సన్న పైపుల్లో పంపడం ఒకటి, పైపులో గాలి లాగేసి మురుగును పీల్చుకునే పద్ధతి మరొకటి. మొదటి దానిలో ఇంటి తొట్టిని ఎవరూ శుభ్రం చేయకపోతే రెండేళ్లలో సన్న పైపులు పూడుకుంటాయి, రెండో దానిలో ఎక్కడో ఒక మూత వదులైతే వీధంతా ఆగుతుంది. ఏ పద్ధతైనా దాన్ని రోజూ చూసుకునే మనిషి మీదే ఆధారపడుతుంది, ఆ మనిషి దగ్గరకు చివరలో వస్తాను.

సముద్రం ఒడ్డుదాకా వచ్చిన మురుగును ఎక్కడ వదలాలి? పగడపు దిబ్బ లోపలి నిలకడ నీటిలో వదిలితే అది అక్కడే తిరుగుతుంది. దిబ్బ అంచు దాటించి లోతుకు తీసుకెళ్లాలి. అదైనా పూర్తి పరిష్కారం కాదు. ఆ సముద్రంలో ప్రవాహాలు రుతువుతో పాటు దిశ మార్చుకుంటాయి. నైరుతి కాలాన్ని వాళ్లు హుల్‌హంగు అంటారు, ఈశాన్యాన్ని ఇరువై అంటారు. ఒక కాలంలో మురుగును ఒడ్డు నుంచి దూరంగా ఈడ్చుకుపోయిన ప్రవాహమే మరో కాలంలో దాన్ని తెచ్చి పిల్లలు ఈదే చోట వదులుతుంది. పగడం నత్రజని, భాస్వరం తక్కువగా ఉన్న నీటిలో పెరిగే జీవి. మురుగుతో అవి పెరిగితే నాచు ఎదిగి పగడం మీద పరచుకుంటుంది. 1998లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి ఆ దేశపు పగడాలు విస్తారంగా తెల్లబారాయి. వేడిని ఆపడం ఆ చిన్న దేశం వల్ల కాదు. కానీ వేడికి దెబ్బతిన్న పగడం మళ్లీ చిగురించేటప్పుడు నాచు ఊపిరాడనివ్వకుండా చేయడం, చేయకపోవడం దాని చేతిలోనే ఉంది. ఆ దిబ్బే కెరటాన్ని విరిచి దీవిని నిలబెడుతోంది. ఆ దీవి ఇసుక కూడా ఆ దిబ్బ పెట్టిన భిక్షే.

కాబట్టి శుద్ధి తప్పదు. శుద్ధి విధానం గురించి మీ పుస్తకాల్లో ఉన్నదే అక్కడా. గాలి ఊది సూక్ష్మజీవులను పెంచుతాం, అవి మురికిని తింటాయి, మడ్డిగా కిందికి దిగుతాయి, పైన తేరిన నీటిని వడకట్టి, క్లోరిన్‌తోనో అతినీలలోహిత కాంతితోనో క్రిములను చంపుతాం. గాలి ఉన్న దశ, గాలి లేని దశ వరుసగా పెట్టి నత్రజనిని వాయువుగా వదిలించుకుంటాం. నీటిని నేలలోకి పంపాలంటే ఈ చివరి మెట్టు చాలా ముఖ్యం. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నైట్రేట్‌కు రంగూ వాసనా ఉండవు కనుక కన్నుతో పోల్చుకోలేం. పుస్తకంలో లేనిది ఉప్పు. ఒడ్డు వెంట పైపు అతుకుల్లోంచి పోటునీరు లోపలికి దూరుతుంది. దానితో పంపులు తుప్పుపడతాయి, సూక్ష్మజీవులు నీరసపడతాయి, సముద్రపు సల్ఫేటు వల్ల కుళ్లు వాసన పెరుగుతుంది. అన్నిటికన్నా, ఉప్పు కలిసిన నీటిని ఎంత శుద్ధి చేసినా చెట్టుకు పోయలేం, నేలలోకి పంపలేం. అతుకు గట్టిగా లేని పైపు, మొత్తం పథకాన్ని మళ్లీ సముద్రం వైపుకే తోస్తుంది.

అతుకులు గట్టిగా ఉండి, నీరు చప్పగా వస్తే దానితో చేయగలిగింది చాలా ఉంది. విహారయాత్రికుల రిసార్టు దీవులు తమ మురుగును తామే శుద్ధి చేసుకుని తోటలకు పోస్తున్నాయి. ప్రజల దీవుల్లోనూ ఆటస్థలానికి, కొబ్బరి తోటకు, బావులకు దిగువ వైపు తవ్విన ఇంకుడు గుంతలకు ఆ నీరు పోవాలని నా అభిప్రాయం. తాగడానికి వాననీరు, ఉప్పు తీసిన నీరు ఉన్నాయి. తాగునీటిలో దీన్ని కలపమని నేను అనడం లేదు. సముద్రపు నీటి నుంచి ఉప్పు తీయడానికి వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది, డీజిల్ జనరేటరు మీద అయితే దాదాపు ఒక లీటరు డీజిల్. ఆ డీజిల్ ఓడలో వస్తుంది. అంత ఖరీదుతో చేసిన నీటిని ఒక్కసారి దొడ్డి కడిగి సముద్రానికి అప్పగించడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. 2014 డిసెంబరులో మాలేలోని ఆ యంత్రాగారంలో మంటలు లేచి, లక్షకు పైగా జనం ఉన్న నగరానికి ఒక్కసారిగా నీరు ఆగిపోయింది. మన దేశం 'ఆపరేషన్ నీర్' పేరిట విమానాల్లో నీటి సీసాలు పంపింది, ఐఎన్‌ఎస్ సుకన్య నౌక వెళ్లి తన యంత్రాలతో నీరు తయారు చేసి ఇచ్చింది. కాళ్ల కింది నీరు బాగుండి ఉంటే కనీసం స్నానానికీ దొడ్లకూ ఆ రోజుల్లో అంత కష్టం ఉండేది కాదు.

మురుగు నుంచి శుభ్రపడిన నీరంటే మనసు ఒప్పుకోవడం గురించి అడుగుతారు. మాల్దీవుల ప్రజలు ముస్లింలు, రోజుకు ఐదుసార్లు నమాజుకు ముందు వుజూ చేస్తారు, అంటే ముఖమూ కాళ్లూ చేతులూ కడుక్కుంటారు, నీటి పరిశుభ్రత వారికి మతధర్మం. ఆ విషయంలో 1978లోనే సౌదీ అరేబియాలోని ప్రముఖ మత పండితుల మండలి, మురుగునీరు రంగు, రుచి, వాసనల్లో ఏ మార్పూ మిగలకుండా పూర్తిగా శుద్ధి అయితే వుజూకు కూడా వాడవచ్చని ఫత్వా ఇచ్చింది. ఒక దీవి మసీదు ఇమాము గారితో ఈ విషయం మాట్లాడినప్పుడు ఆయన నాతో ఎక్కువ వాదించలేదు. "యంత్రం రోజూ పనిచేస్తుందా?" అని మాత్రమే అడిగారు. ఆయన అడిగిందే అసలు ప్రశ్న.

మడ్డి గురించి ఒక్క మాట. పూలకుండీలకు మట్టిని కూడా ఓడల్లో తెప్పించుకునే దేశం అది. ఇసుకలో సత్తువ లేదు, మడ్డిలో ఉన్నది సత్తువే. ఎండబెట్టి, ఆకులతో కొబ్బరి పీచుతో కలిపి, నులిపురుగుల గుడ్లు చచ్చేంత వేడి పుట్టేలా కుళ్లబెట్టి చెట్లకు వేయాలి. ఆకుకూరలకు వేయకూడదు. దీనికి కావలసింది కప్పు ఉన్న కాస్త చోటు, ఓపిక. చాలా పథకాల నక్షాల్లో ఆ చోటు ఉండదు.

ఇక ఆ మనిషి దగ్గరకు వస్తాను. వెయ్యి మంది ఉన్న దీవిలో శుద్ధి కేంద్రాన్ని చూసుకునేది ఒకరో ఇద్దరో. నాకు బాగా తెలిసిన కుర్రవాడు ఒకడు తెల్లవారుజామున నమాజు ముగించుకుని నేరుగా అక్కడికి వచ్చేవాడు, ఎందుకంటే ఊరంతా ఒకేసారి లేచి నీరు వదిలే వేళ అది. వీధుల్లో అప్పటికే ఆడవాళ్లు కొబ్బరి ఈనెల చీపుర్లతో ఇసుక బాటలను ఊడుస్తూ ఉంటారు. ఆ ఊడ్పులో కొంత ఇసుక మ్యాన్‌హోల్ మూతల సందుల్లోంచి లోపలికి జారుతుంది, అది పంపు రెక్కలను అరగదీస్తుంది. ఈదు పండుగకు మాలే నుంచి బంధువులంతా దిగితే మురుగు రెండింతలై సూక్ష్మజీవులు తట్టుకోలేవు. అవి కోలుకోవడానికి పదిరోజులు పడుతుంది. ఇవన్నీ అతను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నురుగు రంగు చూసి, వాసన చూసి, గాలి ఊదే బ్లోయరు మోత విని ఏం తేడా ఉందో చెప్పేవాడు. ఒకసారి రబ్బరు బెల్టు తెగింది. అది దేశంలో ఎక్కడా దొరకలేదు, వేరే దేశం నుంచి రావడానికి ఏడు వారాలు పట్టింది. ఏడు వారాలూ ఊరి మురుగు యథాతథంగా సముద్రంలో కలిసింది, అతను రోజూ వచ్చి ఆగిపోయిన బ్లోయరు పక్కన కూర్చునేవాడు. ఆ కేంద్రం ఖర్చు ముందు ఆ బెల్టు ధర లెక్కలోకి వచ్చేది కాదు. రెండు బెల్టులు అటక మీద పెట్టి ఉంచాలని మా పత్రాల్లో ఎవరమూ రాయలేదు. రాయకపోయిన వారిలో నేనూ ఉన్నాను.

మన దేశం ఇచ్చిన రుణంతో 34 దీవుల్లో నీటి, మురుగు పథకాలు చేపట్టారు, వాటిలో 28 దీవుల పనులను 2024 ఆగస్టులో అప్పగించారు. అంటే మీలో కొందరు రేపు ఆ దీవులకో, అలాంటి పగడపు నేలే ఉన్న మన లక్షద్వీప్‌కో ఉద్యోగానికి వెళతారు. వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. మొదట గొయ్యి తవ్వి కర్ర పాతండి. నక్షా మీద బావులన్నీ గుర్తించాకే పైపు గీత గీయండి. పంపు ఎంచుకునేటప్పుడు దాని సామర్థ్యం కన్నా ముందు, అది ఆగిపోతే ఎన్ని రోజుల్లో విడిభాగం దొరుకుతుందో అడగండి. నడిపే విధానాన్ని ఇంగ్లీషులో మందపాటి పుస్తకంగా వదిలి రాకండి, వాళ్ల దివేహి భాషలో, గోడ మీద బొమ్మలతో ఉండాలి. ఆ కుర్రవాడు ఒక నోటు పుస్తకం పెట్టుకునేవాడు. వాళ్ల తానా లిపి కుడి నుంచి ఎడమకు సాగుతుంది కనుక నాకు చదవడం వచ్చేది కాదు, అంకెలు మాత్రం చదవగలిగేవాణ్ణి. బెల్టు వచ్చి బిగించిన మర్నాడు తేదీ పక్కన అతను బావి పరీక్ష అంకె కూడా వేయడం మొదలుపెట్టాడు, ఎవరూ అడగకుండానే. ఏ బావి అని అడిగితే, కేంద్రం గోడ అవతల ఉన్న వాళ్ల అమ్మ ఇంటి బావి అన్నాడు.